చీకట్లో వెలగని చేపలు

మా చిన్నవాడి పదో పుట్టినరోజుకి వాళ్ళ నాన్నగారు అక్వేరియం కొనిపెట్టారు. రెండడుగుల గాజు తొట్టి, అడుగున రంగురాళ్ళు, బుడగలు వదిలే చిన్న మోటారు, అందులోకి ఆరు చేపలు. అవి మామూలు చేపలు కావు. మూడేమో నిప్పుకణికల్లా ఎర్రగా, మూడేమో చిలకపచ్చగా ఉన్నాయి. "ఇవి గ్లో ఫిష్ సార్, వెలుగుతాయి" అని చెప్పి, మామూలు చేపల ధరకి రెట్టింపు తీసుకున్నాడట కొట్టతను.

ఆ రాత్రి అన్నాలు తినగానే మావాడు ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాడు. వీధిలైటు వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి కట్టాడు. ఎదురింటి పిల్లలిద్దర్ని కూడా పిలుచుకొచ్చాడు. అందరూ తొట్టి ముందు ఊపిరి బిగబట్టి కూచున్నారు. ఐదు నిమిషాలు... పది నిమిషాలు... తొట్టిలో చీకటే తప్ప ఏమీ కనపడలేదు. ఎదురింటి పిల్ల కిసుక్కున నవ్వింది. మావాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మోసం చేశాడమ్మా కొట్టువాడు" అన్నాడు.

మర్నాడు నేనే కొట్టుకి వెళ్ళి అడిగాను. "చీకట్లో వెలగవు మేడమ్. నీలం లైటు వెయ్యాలి. అది వేరే కొనాలి" అన్నాడతను తాపీగా. "ఇవెక్కణ్ణించి వస్తాయి?" అంటే "మద్రాసు సరుకు" అన్నాడు. "రంగు ఎలా వచ్చింది?" అంటే "పుట్టుకే అంత" అన్నాడు. బిల్లు అడిగితే మాత్రం వినపడనట్టు ఊరుకున్నాడు.

నీలం లైటు కొనక తప్పింది కాదు. ఆ లైటు కింద చేపలు నిజంగానే మెరిశాయి. వాడి మొహమూ వెలిగింది. సంగతి అంతటితో సరి అనుకున్నాను.

తిరణాల కోడిపిల్లలు కావు

నాకు మాత్రం మనసులో ఓ అనుమానం ఉండిపోయింది. చిన్నప్పుడు మా ఊరి తిరణాలలో గులాబీరంగు, ఆకుపచ్చరంగు కోడిపిల్లలు అమ్మేవారు. మారాం చేసి కొనిపించుకున్నాను. పది రోజులకి కొత్త ఈకలొచ్చి రంగు ఊడిపోయింది. ఇవీ అలాంటి రంగు వేసిన చేపలేనేమో! పైగా గాజులా పారదర్శకంగా ఉండే చేపలకి సూదితో రంగు ఎక్కించి అమ్మే పద్ధతి కూడా ఒకటుందని ఎక్కడో చదివాను. ఆ సూదిపోట్లకి కొన్ని చస్తాయి. బతికినవాటికి రోగాలొస్తాయి. కొన్నాళ్ళకి రంగు వెలిసిపోతుంది.

మా చేపల రంగు వెలవలేదు సరికదా, నాలుగో నెలలో ఒక విచిత్రం జరిగింది. తొట్టి కడుగుతుంటే రాళ్ళ సందున జీలకర్ర గింజంత పిల్లలు రెండు కనిపించాయి. జీబ్రా చేపలు గుడ్లు పెట్టి వాటిని అవే తినేస్తాయి. ఈ రెండూ ఎలా తప్పించుకున్నాయో మరి! కాస్త పెరిగాక చూద్దును కదా, అవీ ఎర్రగానే ఉన్నాయి. కొట్టతను అన్నమాట నిజమే. ఆ రంగు పుట్టుకతో వచ్చిందే.

ఇంటర్ బైపీసీ చదువుతున్న మా పెద్దమ్మాయి అప్పుడు చెప్పింది. "వీటిని జన్యువు మార్చి పుట్టించారమ్మా. బీటీ పత్తి లాగే. మొట్టమొదట ఒక గుడ్డులోకి సన్నటి గాజుసూదితో వేరే జీవి జన్యువుని ఎక్కించారు. ఆ గుడ్డులోంచి వచ్చిన చేపకి రంగొచ్చింది. అక్కణ్ణించి తరతరాలూ వారసత్వమే. మళ్ళీ సూది అక్కర్లేదు."

మరి చీకట్లో ఎందుకు వెలగవు? మిణుగురు పురుగు తన ఒంట్లోనే వెలుగు తయారు చేసుకుంటుంది. ఈ చేప అలా కాదు. పైనుంచి పడ్డ నీలం కాంతిని తీసుకుని దాన్నే ఆకుపచ్చగానో ఎర్రగానో తిప్పి పంపిస్తుంది. అంతే. లైటు ఆర్పితే ఇచ్చేందుకు దాని దగ్గర ఏమీ ఉండదు.

తమ్మిలేటి ఒడ్డున

ఇంతలో మా వారికి ఏలూరునించి విశాఖపట్నానికి బదిలీ అయింది. సామాన్లు సర్దుకుంటుంటే తొట్టి పెద్ద సమస్యయి కూచుంది. "దానికంత ఆలోచనెందుకమ్మా! తమ్మిలేట్లో వదిలెయ్. నోరులేని ప్రాణులు, పుణ్యం వస్తుంది" అన్నారు పక్కింటి పిన్నిగారు. నాకూ అదే సబబనిపించింది. చేపల్ని స్టీలు బకెట్లోకి తీసి, పైన పళ్ళెం మూసి, చిన్నవాణ్ణి తీసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళాను.

బకెట్టు వంచబోతుంటే మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అవతలి ఒడ్డున తెల్లకొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. "అమ్మా, మన చేపలు ఎర్రగా ఉంటాయి కదా. కొంగకి మిగతా చేపలకన్నా ముందు ఇవే కనపడతాయి కదా!" అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, అప్పటికి నేను ఆలోచించింది కొంగ గురించే. తమ్మిలేరు గురించి గానీ, ఆ నీళ్ళు వెళ్ళి కలిసే కొల్లేరు గురించి గానీ ఆలోచించలేదు. బకెట్టు ఇంటికి తెచ్చేశాను. సామాన్లు సర్దడం పక్కన పెట్టి, మా అమ్మాయి సాయంతో ఈ చేప పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివాను. చదివినకొద్దీ గుండె గుభేలుమంది.

ఇంతకీ ఈ చేప ఎవరిది?

ముందుగా ఆశ్చర్యపోయిన సంగతి: ఈ చేప మనదే! గంగా, బ్రహ్మపుత్రల పరీవాహకంలో వరిచేలల్లోనూ, చిన్న చిన్న వాగుల్లోనూ తిరిగే వేలెడంత చారల చేప. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండు ఆయన 1822లో గంగానది చేపల మీద అచ్చు వేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. దీని శాస్త్రీయనామంలోని 'డానియో' అన్న మాట బెంగాలీ 'ధాని' నుంచి వచ్చిందంటారు. ధాని అంటే వరిచేనుకి చెందినది అని. మన ధాన్యానికి చుట్టమన్నమాట!

ఇది తర్వాత ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. దీని గుడ్డు అద్దంలా ఉంటుంది. లోపల పిల్ల తయారవుతున్నప్పుడు గుండె కొట్టుకోవడం కూడా బయటికి కనిపిస్తుంది. మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దీనిలో సాటి జన్యువులు ఉన్నాయని 2013లో తేల్చారు. అందుకే గుండెజబ్బు మొదలుకుని కేన్సరు దాకా దీని మీదే పరిశోధనలు. మన హైదరాబాదులోని సీసీఎంబీలోనూ ఈ చేపల్ని పెంచి పరిశోధనలు చేస్తారు.

కత్తెర్లు, గుడ్డలు, జెల్లీఫిష్‌లు

ఇక ఆ వెలుగు ఎక్కడిది? ఆకుపచ్చ వెలుగైతే సముద్రంలో ఉండే ఒక జెల్లీఫిష్‌ది. ఈ కథ ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాలి.

ఒసాము షిమొమురా అనే జపాన్ శాస్త్రవేత్త అమెరికాలోని ఫ్రైడే హార్బర్ అనే సముద్రతీరంలో ఏళ్ళ తరబడి ఈ జెల్లీఫిష్‌ల్ని పట్టారు. వేసవి వచ్చిందంటే భార్య అకెమీ, పిల్లలు కూడా వలకర్రలు పట్టుకుని బయల్దేరాల్సిందే. మొదట్లో జెల్లీఫిష్ అంచున వెలుగునిచ్చే భాగాన్ని కత్తెరతో కత్తిరించి, గుడ్డలో వేసి పిండేవారు. మనం కొబ్బరిపాలు పిండినట్టు! అలా లక్షల కొద్దీ జెల్లీఫిష్‌లు. ఆయన వెతుకుతున్నది నిజానికి నీలికాంతి ఇచ్చే పదార్థం కోసం. దానితోపాటు ఆకుపచ్చగా మెరిసే ప్రొటీను కూడా దొరికింది. 1962లో దాని గురించి ఓ చిన్న మాటగా రాశారు. చివరికి ప్రపంచాన్ని మార్చింది ఆ రెండోదే.

ఆ ప్రొటీను జన్యువుని వేరు చేసి 1992లో ప్రకటించినవాడు డగ్లస్ ప్రాషర్. పరిశోధనకి డబ్బు అందక, తన దగ్గరున్న జన్యువుని అడిగిన తోటివాళ్ళకి పంపించేశాడు. దాన్ని వేరే జీవుల్లో వెలిగించి 1994లో చూపించినవారు మార్టిన్ చాల్ఫీ. రకరకాల రంగులు తెప్పించినవారు రోజర్ చెన్. 2008లో షిమొమురా, చాల్ఫీ, చెన్ ముగ్గురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ రోజున ప్రాషర్ ఏం చేస్తున్నాడో తెలుసా? అలబామా రాష్ట్రంలో ఒక కార్ల షోరూముకి వ్యాను నడుపుతున్నాడు! చాల్ఫీ, చెన్ ఇద్దరూ ఆయన్ని తమ అతిథిగా బహుమతి ప్రదానానికి తీసుకెళ్ళారు. ఇది చదివినప్పుడు మా ఇంట్లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

అనుకున్నదొకటి, అయిందొకటి

ఈ జన్యువుని 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జియువాన్ గాంగ్ బృందం జీబ్రా చేపలోకి ఎక్కించింది. వాళ్ళు తలపెట్టింది ఇంట్లో అలంకారం కోసం కాదు. నీళ్ళలో విషపదార్థాలు ఉంటే వెంటనే మెరిసి హెచ్చరించే చేపని తయారు చేద్దామని. ఎంత మంచి ఆలోచన! కానీ ఎప్పుడూ మెరిసే చేప ముందు పుట్టింది. దాన్ని చూసి టెక్సాస్ రాష్ట్రంలోని ఒక కంపెనీ హక్కులు తీసుకుంది. 2003 చివర్లో 'గ్లోఫిష్' పేరుతో అమెరికా బజారులోకి వదిలింది. తైవాన్‌లోనూ అదే ఏడాది ఇలాంటివి అమ్మకానికొచ్చాయి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003 డిసెంబరులో చెప్పింది ఇదీ: ఇవి తినే చేపలు కావు, మామూలు జీబ్రా చేపకన్నా వీటివల్ల ఎక్కువ ప్రమాదం ఉందనడానికి ఆధారం లేదు, కాబట్టి మేం కలగజేసుకోం. వాళ్ళ తర్కం వాళ్ళది. మామూలు జీబ్రా చేప ఎన్నో ఏళ్ళుగా అక్కడ అమ్ముడుపోతోంది. ఆ చలినీళ్ళలో బతికి బట్టకట్టలేదు. ఇదీ అంతే అన్నారు. కాలిఫోర్నియా మాత్రం అప్పట్లో ఒప్పుకోలేదు. ఆట కోసం, అలంకారం కోసం ఒక ప్రాణిని మార్చవచ్చా అని అక్కడి కమిషన్‌లో కొందరు అడిగారు. చివరికి 2015లో అక్కడా తలుపులు తెరిచారు. యూరోపు దేశాల్లో వీటి అమ్మకానికి అనుమతి లేదు.

టెక్సాస్‌లో ఉండే మా చెల్లెల్ని వాట్సాప్‌లో అడిగితే కొట్టులో ఉన్న తొట్ల ఫోటోలు పంపింది. జీబ్రా చేపలే కాదు, టెట్రాలు, బార్బ్‌లు కూడా రంగురంగులవి ఉన్నాయి. "అక్కా, ఇవి ఇంట్లో గుడ్లు పెడితే ఆ పిల్లల్ని అమ్మకూడదు, మార్చుకోకూడదు అని షరతుంది" అని రాసింది. చేప మనది, జన్యువు వేరే జీవిది, హక్కు మాత్రం కంపెనీది!

ఆడచేప మెచ్చినా...

మా చిన్నవాడి కొంగ ప్రశ్నకీ జవాబు దొరికింది. అమెరికా శాస్త్రవేత్తలు 2011లో ఇదే పరీక్ష చేశారు. ఎర్ర చేపల్ని, మామూలు చేపల్ని కలిపి వేటాడే చేపల ముందు వదిలితే ఎర్రవే దాదాపు రెండు రెట్లు ఎక్కువగా బలయ్యాయి. మావాడికి చెబితే "నేను ముందే చెప్పానుగా" అన్నాడు, కానీ వాడి మొహంలో సంతోషం లేదు.

ఇంకో సరదా సంగతి. 2015లో పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎర్ర చేపల్నీ మామూలువాటినీ ఒకచోట పెంచి 15 తరాలు చూశారు. ఆడచేపలకి ఎర్ర మగచేపలే నచ్చాయట! కానీ మామూలు మగచేపలు దుడుకువి. ఎర్రవాటిని తరిమి తరిమి కొట్టి ఆడచేపల దగ్గరికే రానివ్వలేదు. తరాలు గడిచేసరికి ఒక్కటి తప్ప అన్ని తొట్లలోనూ ఎరుపు మాయమైపోయింది. ఆడదాని ఇష్టం ఎవరిక్కావాలి, చేపల్లో కూడా అంతే అని నవ్వుకున్నాం నేనూ మా అమ్మాయీ.

ఇది చదివి, హమ్మయ్య, ఏట్లో వదిలినా వాటంతటవే పోతాయన్నమాట అనుకున్నాను. బ్రెజిల్ సంగతి చదివాక ఆ ధీమా పోయింది.

బ్రెజిల్ వాగుల్లో ఏం జరిగింది?

బ్రెజిల్ దేశంలో మురియయే అనే ఊరి చుట్టుపక్కల అలంకారపు చేపల చెరువులు ఎన్నో ఉన్నాయి. మన కొల్లేరు చుట్టూ రొయ్యల, చేపల చెరువులున్నట్టు. వీటి అమ్మకాన్ని ఆ దేశం 2017లో నిషేధించింది. అయితే అప్పటికే చెరువుల్లోంచి చేపలు తప్పించుకున్నాయి. శాస్త్రవేత్తలు దగ్గర్లోని వాగుల్లో వలవేస్తే ఎర్రవీ, ఆకుపచ్చవీ దొరికాయి. ఏడాది పొడుగునా గుడ్లు పెడుతున్నాయి, వానాకాలంలో మరీనూ. అక్కడి పురుగుల్ని, నాచుని తిని హాయిగా ఉన్నాయి. ఆ చిన్న వాగుల్లో వాటిని వేటాడే పెద్దచేపలు తక్కువ. 2022లో ఈ పరిశోధన అచ్చయ్యాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

వాటివల్ల అక్కడి చేపలకి ఎంత నష్టమో తేలాల్సి ఉంది. కానీ ఒకసారి ఏట్లో పడ్డదాన్ని తిరిగి ఏరడం ఎవరి తరం? పాలల్లో పడ్డ మజ్జిగచుక్కని తీయగలమా?

మన సంగతేమిటి?

అమెరికావాళ్ళకి చలి అడ్డం ఉంది. మనకేదీ? మన ఏలూరు నీళ్ళు ఈ చేపకి స్నానానికి కాచి పెట్టినట్టే ఉంటాయి. ఇంకో తేడా కూడా ఉంది. బ్రెజిల్‌లో దీనికి చుట్టాలు లేరు. మన దేశంలో అసలు చేప వాగుల్లో ఇంకా ఉంది. దానితో ఇది కలిస్తే ఆ వేరే జీవి జన్యువు దాని సంతానంలోకీ వెళుతుంది.

అందుకే చట్టం ఉంది. 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం జన్యువు మార్చిన ఏ జీవినైనా దిగుమతి చేసుకోవాలన్నా, అమ్మాలన్నా, బయట వదలాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. బీటీ పత్తి ఆ పరీక్షలన్నీ దాటుకునే 2002లో మన పొలాల్లోకి వచ్చింది. బీటీ వంకాయ విషయంలో ఎంత చర్చ జరిగిందో, 2010లో ఎలా ఆపేశారో మనకి గుర్తే. వంకాయ గురించి అంత రభస చేసిన మనం, ఈ చేపని బిల్లు కూడా లేకుండా పాలిథిన్ సంచిలో ఇంటికి తెచ్చుకుంటున్నాం!

తొట్టిలోంచి ఏట్లోకి పోయిన చేప ఏం చేస్తుందో మన జాలర్లని అడిగినా చెబుతారు. గాజుకి అతుక్కుని పాచి తింటుందని ముచ్చటపడి తెచ్చుకున్న సక్కర్ చేప గుర్తుందా? ఒళ్ళంతా పెంకు, ముళ్ళు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పెద్దదయ్యాక తొట్టిలో పట్టక ఎవరో కాలవలో వదిలారు. ఇవాళ మన చెరువుల్లో వలలు చింపేస్తూ 'డెవిల్ ఫిష్' అని పేరు తెచ్చుకుంది. ఆ వదిలినవాళ్ళు దుర్మార్గులు కారు. నాలాగే బకెట్టు పట్టుకుని పుణ్యానికి వెళ్ళినవాళ్ళే అయ్యుంటారు.

ఇంట్లో తొట్టి ఉన్నవాళ్ళకి...

* ఏ చేపనైనా సరే, ఏట్లోగానీ, చెరువులోగానీ, గుడి కోనేట్లోగానీ వదలొద్దు. వద్దనుకుంటే తొట్టి ఉన్న తెలిసినవాళ్ళకి ఇవ్వండి. జన్యువు మార్చిన చేపలైతే బతికినన్నాళ్ళూ మీ దగ్గరే ఉంచుకోవడం మేలు. అవి బతికేది రెండు మూడేళ్ళే.
* తొట్టి నీళ్ళు మార్చేటప్పుడు గుడ్లు, పిల్లలు ఉండొచ్చు. కాలవలోకి పోయే తూములో పారబోయకుండా మొక్కల పాదుల్లో పోయండి.
* కొనేముందు చేప పేరు, ఎక్కణ్ణించి వచ్చిందో అడగండి. బిల్లు ఇవ్వనంటే కొనొద్దు. సూదితో రంగెక్కించిన చేపల్ని అసలే కొనొద్దు.
* జీబ్రా చేపలు గుంపుగా తిరిగేవి. ఒకటీ రెండూ కాకుండా కనీసం ఆరు ఉంచాలి. ఎగిరి దూకుతాయి కాబట్టి మూత ఉండాలి.
* కుళాయి నీళ్ళు ఒక రోజు నిలవుంచాక పోయాలి. వారానికి పావువంతు నీళ్ళు మారిస్తే చాలు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వెయ్యాలి. మిగిలితే నీళ్ళు పాడవుతాయి.
* నీలం లైటు బాగుందని రాత్రంతా వెలిగించొద్దు. చేపకీ పగలూ రాత్రీ ఉంటాయి.

ఇక మా చేపల సంగతి. సామాను లారీలో పంపించి, చేపల్ని మూతకి బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో రైల్లో మాతోనే విశాఖ తీసుకొచ్చాం. ఏలూరు నుంచి విశాఖ దాకా మావాడు ఆ డబ్బా ఒళ్ళోంచి దించలేదు. పక్క సీటాయన "ఏం చేపలు బాబూ, కూరకా?" అనడిగితే కోపంగా చూశాడు. దారిలో ఒకటి చచ్చిపోయింది. మిగతావి ఇప్పుడు మా వరండాలో ఉన్నాయి. పిల్లలు రెండూ పెద్దవయ్యాయి.

మళ్ళీ కొంటారా అని మీరడిగితే, కొనను. ఉన్నవాటిని మాత్రం చివరిదాకా చూసుకుంటాం. ఏలూరునించి పిన్నిగారు ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. చాలాసేపు ఊ కొట్టి, "మరి మా మనవడి దగ్గర ఉన్న సక్కర్ చేపని ఏం చెయ్యమంటావమ్మా? రేపు ఆదివారం కాలవలో వదులుదామనుకున్నాం" అన్నారు.

వదలొద్దని చెప్పాను. మీ పిన్నిగార్లకి మీరు కూడా చెప్పండి.